పేపర్లు లేని అమ్మాయి కాలేజీలో చేరగలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బే ఏరియాలో ఉద్యోగం చేస్తూ శనివారాలు గ్రంథాలయంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. అక్కడికి వచ్చే పన్నెండో తరగతి అమ్మాయి కాలిక్యులస్‌లో చాలా చురుకు. నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నలతో మెక్సికో నుంచి వచ్చింది. వీసా లేదు, గ్రీన్ కార్డు లేదు. మొన్నటి దాకా కాలేజీల గురించి ఉత్సాహంగా మాట్లాడిన పిల్ల హఠాత్తుగా "నాకు పేపర్లు లేవు, నాకు కాలేజీ ఉండదు" అని దరఖాస్తులు పక్కన పెట్టేసింది. ఆమె చేరగలదా? దరఖాస్తు పెడితే ఇంట్లోవాళ్లకు ప్రమాదమా? మీరు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు?

చేరగలదు. పత్రాలు లేని విద్యార్థిని కాలేజీలో చేర్చుకోకూడదనే ఫెడరల్ చట్టం ఏదీ అమెరికాలో లేదు. కాలిఫోర్నియాలో మూడేళ్లు హైస్కూలు చదివి ఉత్తీర్ణురాలైతే స్థానికులు కట్టే ఫీజే కడుతుంది, రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సాయానికీ అర్హురాలు అవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ), కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (సీఎస్‌యూ) అనే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల దరఖాస్తు గడువు సాధారణంగా నవంబరు చివరి రోజుల్లో ముగుస్తుంది. కాబట్టి మిగిలిన జవాబు తర్వాత చదివినా సరే, ఈ ఒక్క సంగతి ఆ అమ్మాయికి ఈ శనివారమే చెప్పండి.

నేను కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ) పదహారేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మా చుట్టూ ద్రాక్ష, బాదం, నారింజ తోటలు. ఆ తోటల్లో పనిచేసేవారి పిల్లలే మా విద్యార్థుల్లో ఎక్కువ. మెక్సికోలోని మిచోవాకాన్, ఓహాకా రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరి ఇళ్లలో స్పానిష్ కూడా కాదు, మిష్టెక్ భాష మాట్లాడతారు. ఎండుద్రాక్ష కోసం గుత్తులు కోసి నేల మీద కాగితాలు పరిచి ఆరబెట్టే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే మా తరగతులు మొదలవుతాయి. మొదటి రెండు వారాలు రాని పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలుసు. మిర్చి కోతల కాలంలో కర్నూలు పడమటి ఊళ్ల నుంచి గుంటూరు వైపు వలస వచ్చే కుటుంబాలను చిన్నప్పుడు చూశాను. వాళ్ల పిల్లల పేర్లు హాజరు పట్టికలో ఎలా ఖాళీగా ఉండిపోయేవో ఇక్కడా అలాగే ఉంటాయి.

వాళ్లు స్పానిష్‌లో 'సిన్ పపేలెస్' అంటారు. మనం 'పేపర్లు లేవు' అన్నట్టే. మీ విద్యార్థినికి ఆ మాట ఇప్పుడే ఎందుకు తగిలిందో మీరు తెలుసుకోవాలి. అది తెలియకపోతే మీరు ఎన్ని చట్టాలు చెప్పినా ఆమె చెవికి ఎక్కవు.

1982లో అమెరికా సుప్రీంకోర్టు ప్లైలర్ వర్సెస్ డో కేసులో 5-4 ఆధిక్యంతో ఒక తీర్పు ఇచ్చింది. టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో పత్రాలు లేని పిల్లల దగ్గర ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు అడిగితే, అది చెల్లదని, ఆ పిల్లలకూ ప్రభుత్వ పాఠశాలలో ఉచితంగా చదువు చెప్పాల్సిందేనని తేల్చింది. అందువల్ల పన్నెండో తరగతి దాకా ఈ పిల్లలను ఎవరూ ఏమీ అడగరు. అందరితో పాటే చదువుతారు, ఆడతారు, బహుమతులు తెచ్చుకుంటారు. పదహారు, పదిహేడేళ్లకు స్నేహితులు డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంటారు, వేసవిలో చిన్న ఉద్యోగాల్లో చేరతారు. వీళ్లకు ఇంట్లో "నువ్వు వద్దు" అని మాత్రం చెబుతారు. ఆ తర్వాత పాఠశాలలో అందరినీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు ఫాఫ్సా నింపించే రోజు వస్తుంది. అందులో సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం తొమ్మిది అంకెల గడి ఉంటుంది. చాలామంది పిల్లలకు తమ స్థితి పూర్తిగా తెలిసేది ఆ గడి ముందే. నా విద్యార్థిని ఒకామె ఆ రోజు గంట కొట్టేదాకా బాత్రూంలో నిలబడి ఉండిపోయానని రెండేళ్ల తర్వాత నాకు చెప్పింది. ఆ గడిని చూసి 'కాలేజీ నాకు లేదు' అని తనకు తానే తీర్పు రాసుకుంది. ఆమెకు ఎవరూ 'కాదు' అనలేదు. 'అవును' అన్నవాళ్లూ లేరు. ఆ మధ్యలో రెండేళ్లు ప్యాకింగ్ షెడ్డులో గడిచిపోయాయి.

ఇక అసలు అడ్డు డబ్బు. ఆ డబ్బు తాళం ఫెడరల్ ప్రభుత్వం దగ్గర కొంత, రాష్ట్రం దగ్గర కొంత ఉంది.

ఫెడరల్ సాయం రాదు. పేద విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ రుణాలు, చదువుతూ పనిచేసే వర్క్ స్టడీ, ఏదీ రాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని విద్యార్థి ఫాఫ్సా నింపకూడదు. నంబరు కోసం ఎవరిదో అరువు తెచ్చుకోవడం అసలే కూడదు.

రాష్ట్ర సాయం వస్తుంది. 2001లో కాలిఫోర్నియా ఏబీ 540 అనే చట్టం చేసింది. హైస్కూలులో మూడేళ్లు చదివి, డిప్లొమా లేదా దానికి సమానమైన సర్టిఫికెట్ పొంది, ఒక అఫిడవిట్ ఇస్తే బయటి రాష్ట్రాలవారు కట్టే ఎక్కువ ఫీజు కట్టనక్కర లేదు. అవకాశం వచ్చినప్పుడు చట్టబద్ధ స్థితి కోసం దరఖాస్తు చేసుకుంటానని ఆ అఫిడవిట్‌లో మాట ఇస్తారు. తర్వాత 2017లో వచ్చిన సవరణతో కమ్యూనిటీ కాలేజీలో, వయోజన పాఠశాలలో చదివిన కాలం కూడా లెక్కలోకి వచ్చింది. వయసు వచ్చాక ఈ దేశానికి చేరినవారికి ఇది పెద్ద మేలు.

అంకెల్లో చెబితే తేడా తెలుస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లు. సెమిస్టరుకు 12 యూనిట్లు తీసుకుంటే 552 డాలర్లు. తక్కువ ఆదాయం ఉన్న ఏబీ 540 విద్యార్థికి అదీ మాఫీ అవుతుంది. బయటివారిగా లెక్క వేస్తే యూనిట్‌కు ఇంకా కొన్ని వందల డాలర్లు కలుస్తాయి. యూసీలో ఆ అదనం ఏడాదికి 34,000 డాలర్లకు పైనే. తోటలో రోజు కూలికి పనిచేసే ఇంటికి ఇది కాలేజీకి, కాలేజీ లేకపోవడానికి మధ్య తేడా.

ఈ చట్టం ఎలా నిలబడింది అని మీరు అడిగారు. 1996లో ఫెడరల్ ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. నివాసం ఆధారంగా పత్రాలు లేనివారికి ఒక లాభం ఇస్తే, అదే లాభం ఏ రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికా పౌరుడికైనా ఇవ్వాలి. కాలిఫోర్నియా నివాసాన్ని కాకుండా హైస్కూలు చదువును ఆధారంగా తీసుకుంది. ఇక్కడ చదివి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయి తిరిగి వచ్చే అమెరికా పౌరులూ ఏబీ 540 వాడుకుంటారు. 2010లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద విచారణకు నిరాకరించింది.

2011లో వచ్చిన కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ ఏబీ 540 విద్యార్థులకు క్యాల్ గ్రాంట్ వంటి రాష్ట్ర సాయాన్ని తెరిచింది. ఫాఫ్సాకు బదులు డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు వేరుగా ఉంటుంది. దానికి సోషల్ సెక్యూరిటీ నంబరు అక్కర లేదు, అది వెళ్లేది రాష్ట్ర విద్యార్థి సాయం కమిషన్‌కు. క్యాల్ గ్రాంట్ గడువు మామూలుగా మార్చి 2.

ఇక్కడ ఒక చిన్న విషయం చెబుతాను. నా అనుభవంలో దీనివల్ల పోయినంత డబ్బు ఇంక దేనివల్లా పోలేదు. మెక్సికన్ పిల్లలకు రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ఒకటి తండ్రి వైపుది, ఒకటి తల్లి వైపుది. పాఠశాల రికార్డులో ఒకటే ఉంటుంది, దరఖాస్తులో రెండూ రాస్తారు, ఇంకొక చోట మధ్యలో అడ్డగీత పెడతారు. పాఠశాల పంపిన మార్కుల వివరం దరఖాస్తుతో జతపడదు, గ్రాంటు ఆగిపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అని పాస్‌పోర్టు దగ్గర మనం పడే అవస్థే ఇది. పాఠశాల రికార్డులో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే అన్ని చోట్లా రాయించండి. దరఖాస్తు పంపాక పది రోజులకు మార్కులు జతపడ్డాయో లేదో ఆమె చేతే చూడమనండి. లెక్కల్లో అంత చురుకైన పిల్లకు ఇది పెద్ద పని కాదు.

మీరు సహాయం చేసేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. ఏ దరఖాస్తులోనూ 'అమెరికా పౌరురాలిని' అన్న గడిలో టిక్కు పెట్టనివ్వకండి. "ఏం కాదులే, ఎవరు చూస్తారు" అని మంచి మనసుతో చెప్పేవారు ఉంటారు. అమెరికా పౌరులమని ఒక ప్రయోజనం కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే, తర్వాత పెళ్లి ద్వారానో మరో దారిలోనో గ్రీన్ కార్డు వచ్చే అవకాశం వచ్చినా అది దాదాపు శాశ్వతంగా మూసుకుపోతుంది. మామూలు మినహాయింపులు కూడా దానికి వర్తించవు. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి పందొమ్మిదేళ్ల వయసులో ఉద్యోగం ఫారంలో అలా టిక్కు పెట్టాడు. పక్కన నిలబడి చెప్పిన పెద్దమనిషికి చెడు ఉద్దేశం లేదు. ఏడేళ్ల తర్వాత ఒక అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకుని న్యాయవాది దగ్గరకు వెళితే, మొదట బయటపడింది ఆ టిక్కే. ఇప్పుడు నేను ప్రతి కొత్త విద్యార్థికి మొదటి పది నిమిషాల్లో చెప్పే మాట ఇదే. కాలేజీ దరఖాస్తుల్లో పౌరసత్వం దగ్గర 'ఏదీ కాదు' అనో 'చెప్పదలచుకోలేదు' అనో ఎంచుకునే వీలు సాధారణంగా ఉంటుంది. అది వాడాలి.

ఇక ప్రమాదం సంగతి. విద్యార్థి రికార్డులను 1974 నాటి ఫెర్పా చట్టం కాపాడుతుంది. విద్యార్థి అనుమతి గానీ న్యాయస్థానం ఆదేశం గానీ లేకుండా కాలేజీ వాటిని మామూలుగా ఇతరులకు ఇవ్వకూడదు. ఇన్నేళ్లలో కేవలం కాలేజీ దరఖాస్తు వల్ల ఒక కుటుంబం చిక్కుల్లో పడటం నేను చూడలేదు. అయినా 'భయం ఏమీ లేదు' అని నేను ఎవరికీ చెప్పను, మీరూ చెప్పకండి. పాఠశాలలు, చర్చీలు, ఆసుపత్రుల దగ్గర ఇమ్మిగ్రేషన్ అరెస్టులకు దూరంగా ఉండాలన్న పాత మార్గదర్శకాన్ని ఫెడరల్ ప్రభుత్వం 2025 జనవరిలో తీసేసింది. తల్లులు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని నా విద్యార్థులు చెబుతున్నారు. భయపడేది వాళ్ల ఇల్లు. నిర్ణయం కూడా వాళ్లదే కావాలి. మీరు ఇవ్వగలిగింది సరైన సమాచారం మాత్రమే.

న్యాయ సలహా తప్పక ఇప్పించండి, కానీ 'నోటారియో' అని బోర్డు పెట్టుకున్నవారి దగ్గర మాత్రం కాదు. మెక్సికోలో నోటారియో అంటే అర్హత ఉన్న న్యాయవాది. అమెరికాలో నోటరీ అంటే సంతకానికి సాక్షి మాత్రమే. ఆ పేరు నమ్మి వేల డాలర్లు పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నిధులతో ఉచిత ఇమ్మిగ్రేషన్ న్యాయ సహాయం దొరుకుతుంది. నేరానికి బాధితులైనవారికి, తల్లిదండ్రుల్లో ఒకరు వదిలేసిన పిల్లలకు కొన్ని దారులు ఉన్నాయి. కొన్నిటికి వయసు పరిమితి ఉంటుంది కాబట్టి పదిహేడేళ్ల అమ్మాయి ఆలస్యం చేయకుండా ఒకసారి మాట్లాడాలి.

"డాకా ఉంది కదా" అని మీరు రాశారు. ఆమెకు లేదు. చిన్నప్పుడే వచ్చిన పత్రాలు లేనివారిని దేశం నుంచి పంపించకుండా పని అనుమతి ఇస్తూ ఒబామా ప్రభుత్వం 2012 జూన్ 15న ప్రకటించిన ఆ పథకానికి 2007 జూన్ 15 నుంచి అమెరికాలోనే ఉండి ఉండాలి. మీ విద్యార్థిని పుట్టిందే ఆ తేదీ తర్వాత. పాతవారికి పునరుద్ధరణలు నడుస్తున్నా, 2021లో టెక్సస్ న్యాయస్థానం తీర్పు తర్వాత కొత్త దరఖాస్తులకు మంజూరు ఆగిపోయింది. 2012 చివర్లో మా కాలేజీలో పండగలా ఉండేది. పని అనుమతి కార్డు చేతికి వచ్చిన పిల్లలు దాన్ని నాకు చూపించడానికి వరుస కట్టేవారు. ఇప్పుడు హైస్కూలు దాటుతున్న పిల్లల్లో ఆ కార్డు ఉన్నవారు దాదాపు లేరు. పాత అక్కలు, అన్నల కథలు విని "నాకూ వస్తుంది" అనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నిజం చెప్పడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. చట్టబద్ధ మార్గం చూపించాల్సిన ఫెడరల్ డ్రీమ్ యాక్ట్ (కాలిఫోర్నియాది కాదు) మొదట 2001లో కాంగ్రెస్ ముందుకు వచ్చింది. 2010 డిసెంబరులో ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో 60 ఓట్లు కావలసిన చోట 55 దగ్గర ఆగిపోయింది. అప్పుడు నా గదిలో కూర్చుని ఆ లెక్కింపు చూసిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

"డిగ్రీ తర్వాత ఉద్యోగం లేనప్పుడు ఈ చదువు ఎందుకు" అని ఆమె తండ్రి అడిగారని రాశారు. న్యాయమైన ప్రశ్న. పని అనుమతి లేనివారిని ఉద్యోగంలో పెట్టుకోకూడదని 1986 చట్టం యజమానులకు చెబుతుంది. విశ్వవిద్యాలయంలోనే ఉద్యోగం ఇవ్వాలని విద్యార్థులు పోరాడారు. 2024 జనవరిలో యూసీ పాలకమండలి సభ్యులైన రీజెంట్లు ఆ నిర్ణయాన్ని వాయిదా వేశారు. అదే ఏడాది శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిరస్కరించారు. కాలిఫోర్నియాలో నర్సింగ్, అకౌంటింగ్ వంటి వృత్తులకు లైసెన్సు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా పన్ను నంబరుతో పొందవచ్చు. 2014 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు సెర్జియో గార్సియా అనే పత్రాలు లేని న్యాయశాస్త్ర పట్టభద్రుడిని న్యాయవాదిగా అనుమతించింది. కానీ లైసెన్సు ఉండటం, ఒకరి దగ్గర ఉద్యోగం చేయగలగడం రెండూ ఒకటి కావు. ఈ తేడాను దాచిపెట్టకండి. నా పాత విద్యార్థుల్లో కొందరు సొంతంగా చిన్న వ్యాపారాలు చేసుకుంటున్నారు, కొందరు పై చదువులకు వెళ్లారు, ఇద్దరికి తర్వాత కుటుంబం ద్వారా పత్రాలు వచ్చాయి. ఒకడు ఇంజనీరింగ్ పట్టా పెట్టెలో పెట్టి తండ్రితో కలిసి తోటలో డ్రిప్ గొట్టాలు వేస్తున్నాడు. అతను నాతో "చదివినందుకు బాధ లేదు, ఆపేసి ఉంటే ఉండేది" అన్నాడు. ఆ తండ్రికి నేను చెప్పగలిగిన జవాబు అంతే. చట్టం ఎప్పుడు మారుతుందో నేను చెప్పలేను. మారిన రోజు డిగ్రీ చేతిలో ఉన్నవాడు ముందుంటాడని మాత్రం 2012లో కళ్లారా చూశాను.

మీ విద్యార్థినికి నా సలహా: యూసీ, సీఎస్‌యూ దరఖాస్తులు పెట్టమనండి, దానితో పాటు దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీని కూడా మనసులో ఉంచుకోమనండి. అక్కడ రెండేళ్లు ఇంటి నుంచే చదివి, మంచి మార్కులుంటే డేవిస్, ఇర్వైన్ సహా ఆరు యూసీ క్యాంపస్‌ల హామీ పథకం ద్వారా మూడో ఏడాదిలోకి మారవచ్చు. కమ్యూనిటీ కాలేజీని తక్కువగా చూసే అలవాటు మనవాళ్లలో ఉంది, దాన్ని ఆ పిల్లకు అంటించకండి. ప్రైవేటు స్కాలర్‌షిప్పుల్లో ది డ్రీమ్ యూఎస్ పత్రాలు లేని విద్యార్థుల కోసమే ఉంది. కాలిఫోర్నియాలోని ప్రతి కమ్యూనిటీ కాలేజీలోనూ, సీఎస్‌యూ క్యాంపస్‌లోనూ ఈ విద్యార్థుల కోసం ఒక నిర్దేశిత అధికారి ఉంటారు. పేరు చెప్పకుండా ఫోన్ చేసి ఎవరో కనుక్కోండి.

ఈ జవాబు డాలస్, అట్లాంటాల్లో ఉన్నవారూ చదువుతారు కాబట్టి ఒక హెచ్చరిక. ఫీజు, రాష్ట్ర సాయం గురించి చెప్పినదంతా కాలిఫోర్నియాకు మాత్రమే. ఇటువంటి చట్టాన్ని 2001లో అందరికంటే ముందు చేసిన టెక్సస్, 2025 జూన్‌లో ఫెడరల్ న్యాయశాఖ దావా వేసిన రోజే ఒప్పుకుని దాన్ని వదిలేసింది. ఫ్లోరిడా 2014లో తెచ్చిన మినహాయింపును 2025లో రద్దు చేసింది. జార్జియాలో జార్జియా టెక్ వంటి పెద్ద ప్రభుత్వ సంస్థల్లో ప్రవేశమే లేదు. ఆ నిషేధం వచ్చాక అక్కడి అధ్యాపకులు కొందరు ఫ్రీడమ్ యూనివర్సిటీ పేరుతో ఉచితంగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మరోవైపు ఆరిజోనా ప్రజలు 2022లో ఓటు వేసి స్థానికుల ఫీజు ఇచ్చారు. న్యూజెర్సీ, ఇల్లినాయ్, వాషింగ్టన్‌లలో ఇప్పటికే ఉంది. 2025లో ఫెడరల్ న్యాయశాఖ కాలిఫోర్నియాతో సహా మరికొన్ని రాష్ట్రాల మీదా దావాలు వేసింది, కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ కాలేజీలో అప్పటి పరిస్థితి అడిగి తెలుసుకోవాలి.

మీ ప్రశ్న కింద ఒకరు "మన హెచ్4 పిల్లలకు లేనిది వీళ్లకు ఎందుకు" అని రాశారు. హెచ్4 అంటే హెచ్1బీ వీసా మీద పనిచేసేవారి కుటుంబానికి ఇచ్చే వీసా. ఆ బాధ నిజం. చిన్నప్పుడే వచ్చి, ఇక్కడే చదివి, గ్రీన్ కార్డు వరుస కదలక 21 ఏళ్లకు తల్లిదండ్రుల వీసా నుంచి జారిపోయే పిల్లలు నా దగ్గరకూ వస్తారు. విద్యార్థి వీసా ఎఫ్1కి మారితే విదేశీ విద్యార్థి ఫీజు, మారకపోతే దేశం విడవాలి. చట్టబద్ధంగా ఉన్నారన్న కారణంగానే వాళ్లకు డాకా కూడా వర్తించలేదు. కానీ ఆ తలుపు మూసింది ఓహాకా నుంచి వచ్చిన కూలీ కూతురు కాదు. తల్లిదండ్రుల ప్రయాణానికి తాము బాధ్యులు కాని పిల్లలు ఇద్దరూ. అమెరికా కాలేజీల్లో ఉన్న 4 లక్షలకు పైగా పత్రాలు లేని విద్యార్థుల్లో లాటినోలు సగానికి దగ్గరగా ఉంటే, ఆసియా మూలాలవారు పావు వంతుకు అటూ ఇటూగా ఉంటారు. వారిలో భారతీయులూ ఉన్నారు, నా గదిలో తెలుగులో మాట్లాడి ఏడ్చినవారూ ఉన్నారు.

చివరగా మీ గురించి. ఆమె దరఖాస్తులో మీ చిరునామా ఇవ్వకండి. ఆమె కోసం మీరు ఏ ఫారమూ నింపకండి, పక్కన కూర్చోండి చాలు. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఆమెనే అనువాదకురాలిగా పెట్టకండి, ఇంటి పెద్దల భయాన్ని ఆ పిల్ల నోటితో పలికించవద్దు. స్పానిష్ తెలిసిన కౌన్సెలర్‌ను వెతకండి. ఇంకొక మాట. మీ ప్రశ్నలో ఆమె పాఠశాల పేరు, గ్రంథాలయం పేరు, ఆమె గెలిచిన పోటీ పేరు రాశారు. వాటితో ఆమెను ఎవరైనా గుర్తుపట్టగలరు. ఇది చదవగానే దయచేసి ఆ మూడూ తీసేయండి. తర్వాత ఏ సందేహం ఉన్నా, ఆమె తొమ్మిది నుంచి పన్నెండు తరగతులు ఏ రాష్ట్రంలో చదివిందో మాత్రం రాసి అడగండి, నాకు అది చాలు.